లెక్కలోకి రానివి

అంబాజీపేటలో కొబ్బరికాయల లెక్క నాది.
రాశి మీంచి రెండేసి అందుకుని
ఎగుమతి కుర్రాళ్ళు రాగం తీసి చెప్తుంటే
వందకో గీత గీస్తాను.
పుచ్చు పక్కకి, మొలకెత్తింది పక్కకి,
కురిడీది వేరే రాశి.
లెక్కలోకి రానివి ఎలా ఉంటాయో
నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

ఒక గీత తప్పిన రోజు
మధ్యాహ్నం అన్నం లేదు నాకు.
ఎవరూ వెయ్యని జరిమానా.
క్యారేజీ తెరిచి, కాలవగట్టు మీది
కుంటికుక్కకి పెట్టేసి
డబ్బా కడుక్కుని వచ్చేదాన్ని.
అమ్మ అడిగితే పప్పు బాగుందనేదాన్ని.

తర్వాత, మోచేతి కింద మానాల్సిన పుండొకటి
మానకుండా చూసుకున్నాను. ఏడాది.
మే నెల ఉక్కలో పొడుగుచేతుల జాకెట్టు.
ఫ్యాషనా, అంది నాగరత్నం. నవ్వాను.

చచ్చిపోవాలని లేదు నాకు.
అదే చిక్కు.
అలా అనిపించేవాళ్ళకైతే సాయం అడిగే హక్కుంటుంది,
నాకేముంది? ఒక పచ్చిపుండు, ఒక ఖాళీ డబ్బా.
ఇంత చిన్నదానికి ఎవరి తలుపు కొట్టను?
మొలకెత్తిన కాయని విసిరినట్టు
నన్ను నేనే పక్కకి విసిరేసుకున్నాను.

శ్రావణంలో గోదారి ఎర్రబడింది.
రెండో హెచ్చరిక దాటాక
బస్తాల లెక్క రాయడానికి నన్నూ పిలిచారు.
ఏటిగట్టు మీద లస్కరు చిట్టబ్బాయిగారు
చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు.
కంటికంటే ముందు అరికాలికి తెలుస్తాదండి, అన్నారు.
చాటంత తడి దగ్గర ఆగిపోయారు.

గండి కాదు కదా, అన్నాను.
ఆయ్, గండి కాదండి. ఊట.
గండి పడ్డాక నన్నెవరు పిలుస్తారండి,
అప్పుడు పడవల్ని పిలుస్తారు.
నా ఉద్యోగమే ఊటండి.
తేటగా వస్తే కాపలా కాయాల,
మట్టి కలిసొస్తే కేకెయ్యాల.
కేకెయ్యడానికి సిగ్గేంటండి?

ఆ తడి మీద మట్టి కుక్కబోయిన కుర్రాణ్ణి కసిరారు.
మూయకూడదురా. నోరు నొక్కితే
ఇంకోచోట తన్నుకొస్తాది.
చుట్టూ బస్తాలు పేర్చండి, బావిలాగ.
లోపల నీళ్ళు నిలబడనివ్వండి.
అవతలున్న బరువుకి
ఇవతల కూడా కాస్త బరువు తోడుంటే
అదే నెమ్మదిస్తాది.

నలభై ఆరు బస్తాలు. రాసుకున్నాను.
నలభై ఏడో గీత దేనికి గీశానో తెలీదు.

మర్నాడే వెళ్ళలేదు. అంత తొందరగా ఎవరూ వెళ్ళరు.
వినాయకచవితి వెళ్ళాక, ఓ బుధవారం,
టీకాల రోజు, పసిపిల్లల ఏడుపుల మధ్య
ఏఎన్నెం సువార్తమ్మగారి ముందు కూర్చుని
చెయ్యి మడత విప్పాను.
ఇది లెక్కలోకి వస్తుందాండీ?

ఎందుకు చేశావ్ అనలేదావిడ.
ముందు కట్టు కట్టింది.
తర్వాత, ఎప్పట్నుంచి, అంది.
అన్నం సంగతి కూడా చెప్తే
అదీ ఇందులోదేనమ్మా, అంది.
నిన్ను నువ్వు బాధపెట్టుకునేది ఏదైనా లెక్కే,
ఇంతైతేనే రావాలని కొలపాత్ర ఏం లేదు.
(ఒకే ఏరు, రెండు ఊటలు.
ఇది ఆవిడ అనలేదు, నేననుకున్నాను.)

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ గదికి
పదిహేను రోజులకోసారి వెళ్తున్నాను.
మొదటిసారి బస్సులో సువార్తమ్మగారు
కిటికీ సీటు నాకిచ్చి పక్కన కూర్చుంది.
నాగరత్నానికి మొత్తం చెప్పాను.
అమ్మకి సగమే.
మిగతా సగానికి ఇంకా బస్తాలు చాలలేదు.

పాత జరిమానా గుర్తొచ్చే మధ్యాహ్నాలు ఇంకా ఉన్నాయి.
నిన్న మూడు కాయలు తప్పు లెక్కపెట్టాను.
షావుకారు అరిచాడు.
రెండు గంటలకి గట్టు మీద డబ్బా తెరిస్తే
కుంటికుక్క అలవాటుగా తోకాడిస్తూ నిలబడింది.
దానికో ముద్ద పెట్టి
మిగతాది నేనే తిన్నాను.

సాయంత్రం అమ్మతో అన్నాను,
పప్పులో ఉప్పెక్కువైందని.